అల్లుడికి: పిల్లల్ని ఏరియా జట్టుకు పంపే ముందు

చిరంజీవి రవికి మావయ్య ఆశీస్సులు.

మీ ఊరి రగ్బీ క్లబ్‌లో అండర్ 15 జట్టుకు కోచ్‌గా ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. ఈ ఐర్లండ్‌కి డాక్టరుగా వచ్చినప్పటి నుంచి రిటైరయ్యేదాకా నా శనివారాలు చాలావరకు లెన్‌స్టర్ (ఐర్లండ్ తూర్పు ప్రావిన్స్) రగ్బీ క్లబ్బుల మైదానాల పక్కనే గడిచాయి. మొదట జట్టు డాక్టరుగా, తర్వాత ఏరియా జట్టుకు పిల్లల్ని ఎంపిక చేసేవాళ్లలో ఒకడిగా. అందుకే నువ్వు అడక్కపోయినా రాస్తున్నాను. వచ్చే ఏడాది నీ పిల్లలు షేన్ హోర్గన్ కప్ వయసుకు వస్తారు. ఆ సెలెక్షన్ల టెన్షన్ మొదలయ్యాక ఎవరి మాటా ఎవరికీ ఎక్కదు.

దారి ఎలా ఉంటుందో ముందు తెలుసుకో, తల్లిదండ్రులు నిన్నే అడుగుతారు. లెన్‌స్టర్‌లో క్లబ్ పిల్లలకు ఐదు ఏరియాలు: మెట్రో, నార్త్ ఈస్ట్, నార్త్ మిడ్‌లాండ్స్, మిడ్‌లాండ్స్, సౌత్ ఈస్ట్. ఈ ఏరియా జట్లు ఆడుకునేదే షేన్ హోర్గన్ కప్. అందులో బాగా ఆడినవాళ్లను ప్రావిన్స్ జట్టు శిక్షణకు పిలుస్తారు. అండర్ 18 వచ్చేసరికి లెన్‌స్టర్ క్లబ్ జట్టుగా మిగతా మూడు ప్రావిన్సులు మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్‌లతో ఆడతారు. ఆ తర్వాత సబ్ అకాడమీ, ఆపైన అకాడమీ, అంటే ప్రొఫెషనల్ జట్టుకు కుర్రాళ్లను తయారుచేసే చోటు. అకాడమీకి వెళ్లినవాళ్లు యూసీడీలో (యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్) శిక్షణ తీసుకుంటూ, పక్కన డిగ్రీ కూడా చదువుకుంటారు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ మనుషులు బాగా తగ్గిపోతారు. ఇది దాచకుండా చెప్పు.

దీని పక్కనే డబ్లిన్ స్కూళ్ల దారి ఒకటుంది. బ్లాక్‌రాక్, సెయింట్ మైకేల్స్, బెల్వెడియర్ లాంటి స్కూళ్లు. వాళ్ల సీనియర్ కప్ 1887 నుంచి నడుస్తోంది. అక్కడి పిల్లలకు జిమ్ ఉంటుంది, రోజూ చూసుకునే కోచ్‌లు ఉంటారు. నీ పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు, వానలో, ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చే నువ్వు. అకాడమీలో స్కూళ్ల పిల్లలే ఎక్కువ కనిపిస్తారు, నిజమే. కానీ టాడ్గ్ ఫర్లాంగ్ వెక్స్‌ఫర్డ్ పల్లె నుంచి, న్యూ రాస్ క్లబ్ నుంచి వచ్చాడు. 2017, 2021, 2025, మూడు లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్ దేశాల ఉమ్మడి జట్టు) పర్యటనల్లోనూ టెస్టులు ఆడాడు. షాన్ ఒబ్రయన్ కార్లోలోని టల్లో క్లబ్ కుర్రాడు, 2011లో యూరప్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఇద్దరూ వ్యవసాయ కుటుంబాల పిల్లలే. మన దగ్గర లేనివాటి గురించి తల్లిదండ్రుల ముందు వాపోకు. పిల్లలు వింటారు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పేస్తాను. ఏరియా జెర్సీని బహుమతిగా చూడనివ్వకు. అది ఇంకాస్త మంచి కోచింగ్ దొరికే చోటు, అంతే. ఆ చోటు దొరకనివాడికి అదే కోచింగ్ ఇవ్వాల్సిన బాధ్యత నీది. పద్నాలుగేళ్ల వయసులో ఎవడు పైకొస్తాడో ఎవరికీ తెలియదు, ఎంపిక చేసే మాకూ తెలియదు. కాబట్టి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఎంతమందిని మైదానంలో నిలబెట్టగలిగావన్నదే నీ పనికి కొలత.

ఎందుకంటావా? ఆ వయసులో ఒకడికి మీసం మొలిచి ఎనభై కిలోలుంటాడు, పక్కవాడికి ఇంకా గొంతు కూడా మారదు. ఇద్దరూ అండర్ 15 కిందే ఆడతారు. పుట్టినరోజుల మధ్యే దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు, ఒంటి ఎదుగుదలలో తేడా అంతకన్నా ఎక్కువ. పెద్దవాడు బంతి చంకన పెట్టుకుని నేరుగా పరిగెడితే నలుగురు పడిపోతారు. స్కోరు వస్తుంది, గట్టు మీద చప్పట్లు మోగుతాయి. పద్దెనిమిదికి అందరూ వాడి సైజుకు వచ్చేస్తారు. అప్పటికి వాడికి పాస్ ఇవ్వడం రాదు, తప్పించుకోవడం రాదు. గెలుస్తున్నాం కదా అని ఎవరూ నేర్పలేదు మరి. ఇలాంటి పిల్లలు పదిహేడేళ్లకే ఆట మానేయడం నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధేసింది. వాడి తప్పేమీ లేదు. వాడి ఒంటిని పెద్దవాళ్లు వాడుకున్నారు.

నువ్వు ఇలా చెయ్యి. పది మీటర్ల వెడల్పున కోన్లు పెట్టు. ముగ్గురు బంతితో, ఇద్దరు అడ్డంగా. పెద్దవాడికి ఒకటే షరతు: ఢీకొట్టడం లేదు. ఎదుటివాడి తుంటి తనవైపు తిరిగేదాకా వాడి మీదికి పరిగెత్తాలి, తిరిగిన క్షణంలో పక్కవాడికి బంతి ఇవ్వాలి. ముందే ఇస్తే అడ్డుకునేవాడు జరిగిపోతాడు, ఆలస్యమైతే పట్టేస్తాడు. మొదటి నెల విసుక్కుంటాడు. ఆ నెలలో ఒకటి రెండు మ్యాచ్‌లు ఓడినా ఫరవాలేదు.

సెలెక్షన్ రోజు మేం ఏం చూస్తామో కూడా చెప్తాను. నంబర్లున్న బిబ్బులు వేసుకుని పిల్లలు గుంపులుగా వస్తారు. బంతి ఉన్నవాడిని అందరూ చూస్తారు. బంతి వదిలాక వాడేం చేస్తున్నాడన్నది నేను చూసేవాణ్ణి. పాస్ ఇచ్చి నిలబడిపోయాడా, బంతి వెంటే వెళ్లి మళ్లీ అందుబాటులోకి వచ్చాడా? కింద పడితే లేవడానికి ఎంతసేపు పట్టింది? ఒకసారి ఒక సన్నటి స్క్రమ్ హాఫ్ (గుంపులోంచి బంతి తీసి పంచేవాడు) చేతుల్లోంచి బంతి రెండుసార్లు జారిపోయింది. పక్కాయన అప్పటికే వాడి నంబరు మీద గీత కొట్టేశాడు. కానీ రెండుసార్లూ వెనక్కి పరిగెత్తి, మైదానం అంచున దూసుకుపోతున్న వింగర్ కాళ్లను చుట్టేసి పడగొట్టింది వాడే. రెండోసారైతే రెఫరీ విజిల్ నోట పెట్టుకునేలోపే లేచి బంతి మీద చేతులు వేశాడు. వాణ్ణి తీసుకున్నాం. జారిన బంతి పట్టుకోవడం నేర్పొచ్చు, ఆ పరుగు నేర్పడం చాలా కష్టం.

ట్యాకిల్, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడగొట్టడం గురించి నీకు చెప్పడం సులువు, జెడ్పీ హైస్కూల్లో కబడ్డీ ఆడినవాడివి. తొడ పట్టు తెలుసు. 2023-24 సీజన్ నుంచి ఇక్కడ క్లబ్, యూత్ మ్యాచ్‌లలో రొమ్ము ఎముక కిందే పట్టాలని నిబంధన పెట్టారు. చాలా మంచి పని. కిందికి వంగి పట్టడం వచ్చినవాడు తనకన్నా ఇరవై కిలోలు ఎక్కువున్నవాణ్ణి కూడా ఆపగలడు. తల ఎటు పెడుతున్నాడో మాత్రం ప్రతి పిల్లాడి దగ్గరా ఒక్కొక్కటిగా చూడు. చెంప ఎదుటివాడి తొడకు ఆనుకుని, తల వెనకవైపు ఉండాలి. ముందుకొచ్చిందంటే మోకాలు తగులుతుంది.

ఇక లిస్టు వచ్చిన రోజు. పేర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టకు. రానివాళ్లతో ఒక్కొక్కరితో విడిగా, తల్లో తండ్రో పక్కనుండగా, నువ్వే మాట్లాడు. బ్యాడ్ లక్ అని భుజం తట్టి పంపేయకు. "ఎడమవైపు పాస్ ఎనిమిది మీటర్లు వెళ్లడం లేదు, క్రిస్మస్ నాటికి వెళ్లాలి" అని చెప్పు. అప్పుడు వాడికి చేసుకోవడానికి ఒక పని ఉంటుంది. రెండు విషయాలకు మించి చెప్పొద్దు. తర్వాతి ప్రాక్టీసుకు వాడు రాకపోతే ఆ రాత్రే ఫోన్ చెయ్యి, వారం ఆగితే ఇక రాడు. లెన్‌స్టర్, ఐర్లండ్ ఆటగాడు జానీ సెక్స్‌టన్ సంగతి చెప్పొచ్చు. 2009 మేలో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో మన్‌స్టర్‌తో యూరప్ కప్ సెమీఫైనల్లో తన స్థానంలో ఆడుతున్న కాంటెపోమి గాయపడితే బెంచీ మీద నుంచి దిగాడు. అప్పటికి 23 ఏళ్లు, లెన్‌స్టర్‌లో చోటు ఖాయం కాలేదు. 2018లో ప్రపంచ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఎంపికైన పిల్లల్ని కూడా వదిలేయకు. ఏరియా క్యాంపులో నేర్చుకున్నది మంగళవారం మిగతావాళ్లకు వాళ్లచేతే చెప్పించు. జట్టు రెండు ముక్కలు కాకుండా ఉంటుంది.

ఎంపికైనవాడికి అసలు ప్రమాదం అలసట. స్కూలు జట్టు, క్లబ్ జట్టు, ఏరియా జట్టు, ఆదివారం గేలిక్ ఫుట్‌బాల్ (చేతులూ వాడే ఐరిష్ ఫుట్‌బాల్). నలుగురు కోచ్‌లుంటారు, నలుగురూ "నా దగ్గర వారానికి రెండుసార్లే కదా" అంటారు. లెక్క కట్టేవాడు ఒక్కడూ ఉండడు. ఆ ఒక్కడివి నువ్వవ్వు. వారంలో ఏ రోజు ఎక్కడ ఎంతసేపు ఆడాడో రాసిపెట్టమని వాళ్లమ్మకు చెప్పు. కాగితం చూసి నీ ప్రాక్టీసే తగ్గించు. గేలిక్ మాన్పించమని మాత్రం అనకు. రాబ్ కెర్నీ లౌత్ మైనర్స్‌కి (లౌత్ కౌంటీ కుర్రాళ్ల జట్టు) గేలిక్ ఆడి వచ్చినవాడే, ఎత్తు బంతి అందుకోవడంలో ఐర్లండ్‌కి అంత నమ్మకమైన ఫుల్‌బ్యాక్ (అందరికన్నా వెనక నిలబడేవాడు) అయ్యాడు.

డాక్టరుగా ఒక్క విషయంలో నిన్ను బతిమాలుతున్నాను. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, వెంటనే బయటికి తీసుకురా. మళ్లీ ఆ రోజు దింపకు. ఇరవై లోపు పిల్లలు కనీసం 23 రోజుల తర్వాతే మ్యాచ్ ఆడాలి, అదీ డాక్టరు చూసి సరే అన్నాకే. సెలెక్షన్లున్న నెలలో పిల్లలు తలనొప్పి దాచేస్తారు. నవ్వుతూ "బాగానే ఉన్నా" అంటారు. అందుకే సీజన్ మొదట్లోనే అందరి ముందూ చెప్పు: తలదెబ్బ వల్ల ట్రయల్ పోయినవాడి గురించి ఏరియా కోచ్‌తో నేనే మాట్లాడి ఇంకోసారి చూడమని అడుగుతాను అని. అడుగు కూడా. భయం పోతేనే నిజం చెప్తారు.

మీ ఊళ్లో మన తెలుగు కుటుంబాలు కూడా పెరిగాయన్నావట. వాళ్ల మొదటి ప్రశ్న లీవింగ్ సర్ట్ (కాలేజీ సీటు తేల్చే స్కూలు చివరి పరీక్ష) పాయింట్ల గురించే ఉంటుంది. తప్పు పట్టకు, ఆ భయంతోనే మనమంతా ఇంత దూరం వచ్చాం. ట్రాన్సిషన్ ఇయర్‌లో, అంటే సెకండరీ నాలుగో ఏడాదిలో ప్రభుత్వ పరీక్ష లేదు, ఏరియా రగ్బీ ఆడే వయసు కూడా ఇంచుమించు అదే. ఆ ఏడాది పిల్లాణ్ణి ఆడనివ్వమను. లీవింగ్ సర్ట్ రాసే ఆరో ఏడాదిలో చదువే ముందని నువ్వే అను, వాళ్లు నిన్ను నమ్ముతారు. అమ్మాయిల జట్టు ఉంటే మన ఆడపిల్లల్నీ తీసుకురమ్మను. బాలినస్లో అమ్మాయి బెవిన్ పార్సన్స్ 2018లో పదహారేళ్లకే ఐర్లండ్ తరఫున ఆడింది.

స్క్రమ్‌లో (రెండు జట్లూ భుజాలు కలిపి తోసుకునే చోట) ముందు వరుసలో ఆడే పిల్లలు నీ దగ్గర ఎంతమంది ఉన్నారో రాయి. అండర్ 19 దాకా స్క్రమ్‌లో ఒకటిన్నర మీటరు మించి తోయకూడదన్న నిబంధన ఉన్నా, మెడ బలం లేని పిల్లాణ్ణి ప్రాప్‌గా (ముందు వరుస అంచున) నిలబెట్టకూడదు. సెప్టెంబరులో ఒక గురువారం నేనే వచ్చి వాళ్లకు మెడ వ్యాయామాలు చూపిస్తాను. ఏరియా ట్రయల్ తేదీలు రాగానే మెసేజ్ పెట్టు.

నీ మావయ్య