తారస్థాయి వస్తే మెడ బిగుసుకుంటోంది

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. పెళ్ళికి ముందు కర్ణాటక సంగీతం వర్ణాల దాకా, అంటే కీర్తనలకు ముందు నేర్పే రచనల దాకా నేర్చుకున్నాను. పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక మళ్ళీ సాధన చేస్తున్నాను, ఆరు శ్రుతిలో. మధ్యస్థాయి హాయిగానే ఉంటుంది. మోహన వర్ణంలో తారస్థాయి గాంధారం (పై ‘గ’) వచ్చేసరికి మెడ నరాలు ఉబ్బుతాయి, దవడ పట్టేస్తుంది. మా టీచరుగారు ‘గొంతు విప్పి పాడమ్మా’ అంటారు. విప్పాలని చూస్తే ఇంకా బిగుస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, విప్పమని ఆజ్ఞాపిస్తే కండరాలు వినవు. వాటికి వేరే పని అప్పగించాలి.

ముందు శ్రుతి సంగతి. ఆరు శ్రుతి అంటే ఆధార షడ్జం (మీరు మొదలుపెట్టే ‘స’) సుమారు 220 హెర్ట్జ్. ఆ లెక్కన తారస్థాయి గాంధారానికి మీ స్వరతంత్రులు సెకనుకు 550 సార్లు కంపించాలి. ఐదు శ్రుతికి దిగితే 490 చాలు. ఏళ్ళ తరబడి పాడని గొంతుకు ఇది పెద్ద ఊరట. పెళ్ళికి ముందు పాడిన శ్రుతే కావాలన్న పట్టుదల వద్దు. కొన్ని నెలలు ఐదులో పాడండి, నామోషీ ఏమీ లేదు.

గాంధారం దగ్గర బిగుస్తోందని రాశారు గానీ, అంతకు ముందు ఊపిరి తీసుకునేటప్పుడే అది మొదలవుతోందని నా అనుమానం. పై స్వరం వస్తోందనగానే భుజాలెత్తి గుండెల నిండా గాలి పీలుస్తాం. అంత గాలిని పట్టి ఉంచడానికి గొంతు బిగించక తప్పదు. ఎత్తుకునే ముందు కాస్త గాలి వదిలేసి, పొట్ట వదులు చేసి, తనంతట తాను వచ్చిన ఊపిరితోనే పాడి చూడండి. చాలదనిపిస్తుంది, కానీ చాలుతుంది.

ఇక దవడ. బొటనవేలిని గడ్డం కింద, ఎముక వెనక మెత్తగా ఉండే చోట తేలికగా ఆనించి గుటక వేయండి. అక్కడ గట్టిపడి వేలిని కిందికి నెడుతుంది, స్వరపేటిక పైకి లేస్తుంది. పాడేటప్పుడూ అలాగే గట్టిపడితే, గుటక వేసే కండరాలతో స్వరాన్ని పైకి లాగుతున్నారన్న మాట. మాయామాళవగౌళలో మొదటి సరళీ వరుసను (స రి గ మ ప ద ని స) మొదటి కాలంలో, అంటే నిదానంగా, అకారంలో, అంటే ‘ఆ’ అంటూ, వేలు తీయకుండా పాడండి. తారషడ్జం (పై ‘స’) దాకా వెళ్ళనక్కరలేదు, చాలామందికి ధైవతం (‘ద’) దగ్గరే గట్టిపడుతుంది. గట్టిపడిన చోటే ఆగిపోండి. ఆ స్వరాన్నే చిన్న గొంతుతో, వేలి కింద మెత్తగా ఉండేదాకా పాడి, ఆ తర్వాతే పై స్వరానికి వెళ్ళండి. వారం పట్టినా సరే. నా శిష్యులకు అన్నిటికన్నా ముందు ఇదే నేర్పుతాను. ఇంట్లో ఒంటరిగా సాధన చేసేటప్పుడు తప్పు చెప్పేవారు ఉండరు కదా, ఆ పని వేలు చేస్తుంది.

ప్రతి స్వరాన్నీ రెండేసి సార్లు పాడే జంట వరుసల్లో రెండో స్వరాన్ని నొక్కి పలకమంటారు. ఆ నొక్కు చాలామందికి మెడలో పడుతుంది. అవి పాడుతూ తలను నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి, మెడ బిగిస్తే తల కదలడం ఆగి తెలిసిపోతుంది. గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికేటప్పుడు, దవడ ఊపే అలవాటుందేమో అద్దంలో చూసుకోండి. తాళం తొడ మీద గట్టిగా చరచకండి, ఆ బిగువు భుజానికి ఎక్కుతుంది. కూర్చున్నప్పుడు నడుము వంగిపోతుంటే మడిచిన దుప్పటి మీద కూర్చోండి.

ఇవన్నీ చేస్తూ అసలు గొంతు దాచేసి పీలగా పాడడం మాత్రం అలవాటు చేసుకోవద్దు. మీ టీచరుగారు నిండు గొంతు అడగడం న్యాయమే. చిన్న గొంతుతో పాడడం సాధన మెట్టు మాత్రమే, బిగువు లేకుండా వచ్చిన స్వరానికి ఆ తర్వాత బలం చేర్చాలి. నొప్పి ఉన్నా, బొంగురు రెండు వారాలు దాటినా సాధన ఆపి చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి.

వర్ణం మానేయకండి. తార గాంధారం తగిలే స్వర భాగాలను మాత్రం పక్కన పెట్టి మిగతాది పాడుకోండి. తార రిషభం (పై ‘రి’) దాకా వేలి కింద మెత్తగా ఉన్న రోజున ఆ భాగాలను మళ్ళీ ఎత్తుకోండి, మొదట సాహిత్యం లేకుండా, అకారంలో.