మాండొలిన్ మెత్తగా పలకాలంటే ఏ తీగలు? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: నా మాండొలిన్ నాదం చెవిలో గుచ్చుకుంటున్నట్టు ఉంటుంది. 80/20 బ్రాంజ్ తీగలు తీసేసి ఫాస్ఫర్ బ్రాంజ్ వేశాను. ఆ తర్వాత మరో కంపెనీ ఫాస్ఫర్ బ్రాంజ్ కూడా వేసి చూశాను. లావు తీగలు కాస్త నయమనిపించాయి, సన్న తీగల కీచుదనం మాత్రం పోలేదు. నిండుగా, మెత్తగా పలకాలంటే ఏ సెట్టు కొనాలి?

జవాబు: కవరు మీద ఫాస్ఫర్ బ్రాంజ్ అని రాసి ఉన్నా, 80/20 అని ఉన్నా, నికెల్ అని ఉన్నా ఆ మాట మాండొలిన్ ఎనిమిది తీగల్లో లావుగా ఉండే జి, డి జతలకే వర్తిస్తుంది. పైన మరో తీగ చుట్టి ఉండేవి ఆ నాలుగే. సన్నవైన ఇ, ఎ జతలు దాదాపు అన్ని సెట్లలోనూ చుట్టు లేని ఉక్కు తీగలే. అందుకే మీరు సెట్లు మార్చినప్పుడు లావు తీగల్లో తేడా తెలిసింది, సన్న తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కాబట్టి ముందు కీచుదనం ఏ జతలోంచి వస్తోందో పట్టుకోండి. మిగతా తీగల మీద అరచేయి ఆనించి, ఒక్కొక్క జతనే ఒకే చోట, ఒకే బలంతో మీటి వినండి.

లావు జతలే మరీ ఖంగుమంటుంటే చుట్టుతీగ లోహం మార్చడంలో అర్థం ఉంది. 80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింకు కలిసిన 80/20 బ్రాంజ్ అన్నిటికంటే పదునుగా మోగుతుంది. దాని తర్వాతది ఫాస్ఫర్ బ్రాంజ్. దీన్లో సుమారు 92 పాళ్లు రాగి, 8 పాళ్లు తగరం, చిటికెడు ఫాస్ఫరస్ ఉంటాయి. డి అడారియో కంపెనీ 1974లో దీన్ని తీగల్లోకి తెచ్చింది. నికెల్, మోనెల్ తీగలు ఇంకా మెత్తన. మోనెల్ అంటే నికెల్, రాగి కలిసిన మిశ్రమలోహం. దాని నాదంలో మెరుపు తక్కువ, స్వరంలో స్పష్టత మాత్రం పోదు. బ్రాంజ్ పదును వద్దనుకునేవారు ఫ్లాట్‌వౌండ్‌కి, అంటే చదునైన రేకు చుట్టిన తీగలకు, వెళ్లేముందు ఒకసారి మోనెల్ విని చూడాలని మా సలహా.

మీ సమస్య ఇ, ఎ జతల్లో ఉంది కాబట్టి అక్కడ చూడాల్సింది గేజి, అంటే తీగ మందం. తీగ గేజిని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 10 అంటే 0.25 మిల్లీమీటర్లు, 11 అంటే 0.28. ఇప్పుడున్నవి 10, 14 అయితే 11, 15 వేయండి. సన్నటి తీగ బ్రిడ్జిని, అంటే పైపలక మీద తీగలను మోసే ముక్కను, గట్టిగా కదపలేదు, అందుకే సన్నగా, గీసినట్టు వినిపిస్తుంది. ఒక్క నంబరు పెంచితే స్వరానికి కండ పడుతుంది. సెట్టంతా మార్చనక్కర్లేదు, ఆ రెండు జతల తీగలు విడిగా కూడా దొరుకుతాయి.

తీగల తర్వాత చూడాల్సింది పిక్, అంటే తీగలు మీటే బిళ్ల. నిజానికి ఇ తీగ కీచుదనంలో పెద్ద వాటా దానిదే. మొన తేలిన 0.7 మిల్లీమీటర్ల పల్చటి పిక్‌తో మీటుతుంటే ఏ తీగ వేసినా టకటకమనే చప్పుడు ముందుకొస్తుంది. 1.4 మిల్లీమీటర్లు, అంతకంటే మందం ఉన్న గట్టి పిక్ తీసుకుని, దాని గుండ్రటి మూలతో మీటండి. మీటే చోటు కూడా చూసుకోండి. బ్రిడ్జికి మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో మీటితే పై అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటు పుట్టే సన్నటి స్వరాలు, బలంగా లేస్తాయి. తొమ్మిది పది సెంటీమీటర్ల దగ్గర, అంటే మెట్ల పలక చివరి అంచు పక్కన మీటితే అవి తగ్గి అసలు స్వరం నిండుగా వస్తుంది.

ఇంకొక్కటి చూడండి. బ్రిడ్జికీ, తీగల కొసలు తగిలించే టెయిల్‌పీస్‌కీ మధ్య ఉండే తీగ ముక్కలు కూడా సన్నగా మోగుతుంటాయి. మీటి, వెంటనే తీగలన్నీ అరచేత్తో ఆపండి. ఆ తర్వాత కూడా గాజు గ్లాసు మోగినట్టు చిన్న శబ్దం మిగిలితే అది అక్కడిదే. ఆ ముక్కల మధ్య సన్నటి తోలు పట్టీ గానీ ఫెల్ట్ గుడ్డ గానీ పైకీ కిందికీ అల్లి దూర్చండి. కీచుదనం అని మనం తిట్టుకునేదాంట్లో కొంత అప్పటికప్పుడే పోతుంది.

ప్రశ్న: వేళ్లు నొప్పి పుడుతున్నాయి, నాదం కూడా మెత్తగా కావాలి. లైట్ సెట్టు వేస్తే రెండూ కుదురుతాయా?

జవాబు: మొదటిది కుదురుతుంది, రెండోది సాధారణంగా కుదరదు. వేలికి మెత్తన వేరు, చెవికి మెత్తన వేరు. మాండొలిన్‌లో ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

35 సెంటీమీటర్ల తీగ పొడవున్న మాండొలిన్ మీద 11 నంబరు ఇ తీగ శృతికి వచ్చేసరికి సుమారు పదిన్నర కిలోల బిగువులో ఉంటుంది. 10 నంబరైతే సుమారు 8.7 కిలోలు. మందం పదో వంతు కూడా తగ్గకపోయినా బిగువు ఆరో వంతు తగ్గింది, ఎందుకంటే బిగువు మందం వర్గాన్ని బట్టి మారుతుంది. డి అడారియో లైట్ సెట్టు ఇజె73లో గేజిలు 10, 14, 24, 38. మీడియం సెట్టు ఇజె74లో 11, 15, 26, 40. లైట్ వేస్తే వేళ్లకు హాయి. నాదం మాత్రం చురుగ్గా, సన్నగా మారుతుంది, గట్టిగా మీటితే స్వరం ఒక్క క్షణం పైకి జారుతుంది.

నొప్పికి కారణం తీగలే అనుకునే ముందు ఎత్తు కొలవండి. పన్నెండో మెట్టు దగ్గర మెట్టు పైభాగం నుంచి తీగ అడుగు వరకు జి జతకు 2 మిల్లీమీటర్లకు మించి ఉంటే బ్రిడ్జి చక్రాలను తిప్పి కాస్త దించండి. తిప్పేముందు తీగలు వదులు చేయాలి, లేకపోతే మర అరిగిపోతుంది. నట్ దగ్గర, అంటే మెడ పై కొసన తీగలు ఆనే ముక్కలో, గాడులు లోతు చాలకపోయినా మొదటి రెండు మూడు మెట్లలో వేళ్లు మండుతాయి. ఆ పని సన్నటి ఆకురాయితో చేసేది, చేయి తిరిగినవారికే వదిలేయండి. ఈ రెండూ సరిచేశాక మీడియం తీగలే వేళ్లకు సులువుగా తోస్తాయి.

మరో దారి కూడా ఉంది. ఒంటరిగా వాయించుకునేవారైతే మీడియం తీగలనే అర స్వరం దించి శృతి చేసుకోవచ్చు. బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది, నాదం లోతుకు దిగుతుంది.

ప్రశ్న: ఫ్లాట్‌వౌండ్ తీగలు నిజంగా మెత్తగా పలుకుతాయా? వాటితో నష్టం ఏమిటి?

జవాబు: పలుకుతాయి, అందులో సందేహం లేదు. మామూలు తీగకు గుండ్రటి చుట్టు ఉంటుంది కాబట్టి వేలు జారినప్పుడు గరగరమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌కు చదునైన రేకు చుడతారు. వేలి చప్పుడు దాదాపు ఉండదు, పై అనుస్వరాలు త్వరగా ఆరిపోతాయి, స్వరం గుండ్రంగా వస్తుంది. వియన్నాకు చెందిన థొమాస్టిక్ ఇన్ఫెల్డ్ 154 సెట్టు ఈ రకంలో బాగా తెలిసినది.

నష్టాలూ ఉన్నాయి. శబ్దం తగ్గుతుంది, పెద్ద బృందంలో వినబడకపోవచ్చు. త్వరత్వరగా తాళం కొట్టేటప్పుడు కావాల్సిన చురుకు రాదు. కొన్ని సెట్లలో ఎ జతకు కూడా చుట్టు ఉంటుంది. అది నాదానికి ఎంతో మేలు, కానీ మీ బ్రిడ్జి పైభాగంలో మెట్లు మెట్లుగా కోత ఉంటే అది చుట్టులేని ఎ తీగ కోసం కోసినది. చుట్టున్న ఎ తీగ లోపలి ఉక్కు సన్నం కాబట్టి అది బ్రిడ్జి మీద ఆనే చోటు అంత వెనక్కి జరగనక్కర్లేదు. ఫలితంగా పై మెట్లలో ఎ జత శృతి తగ్గినట్టు వస్తుంది. ఆ కోతను సరిచేయించాలి.

తీగను కత్తిరించేటప్పుడు జాగ్రత్త. బిరడాకు చుట్టాక మిగిలిన కొసను ముందు నిలువుగా వంచి, ఆ వంపుకు అవతల కత్తిరించండి. వంచకుండా కోస్తే చుట్టు లోపల వదులై కొన్నాళ్లకే తీగ చచ్చిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో పాత కాలపు గిన్నె వీపు మాండొలిన్ ఉంది. దానికి మీడియం తీగలు వేస్తే నిండుగా వస్తుందా?

జవాబు: వేయకండి. మీడియం సెట్టు ఎనిమిది తీగలూ కలిసి సుమారు 80 కిలోల బిగువు లాగుతాయి. ఆ వాయిద్యాల పైపలక పల్చన, చాలా వాటి మెడలో ఉక్కు కడ్డీ ఉండదు. పలక కుంగుతుంది, మెడ వంగుతుంది, ఆ తర్వాత ఏ తీగలూ దాన్ని బాగుచేయలేవు. వాటికోసమే చేసే అల్ట్రా లైట్ సెట్లు, 9 నంబరు ఇ తీగతో మొదలయ్యేవి, తీసుకోండి. వాటి నాదం సహజంగానే సున్నితం.

ప్రశ్న: కొత్త తీగలు వేశాక పై మెట్లలో శృతి తప్పింది, ఒక జత జుయ్‌మంటోంది. తీగలు చెడ్డవా?

జవాబు: ఎనిమిదీ ఒకేసారి విప్పేసి ఉంటారు. మాండొలిన్ బ్రిడ్జి అంటించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. ఒక్కొక్క తీగనే మార్చాలి. ఇప్పుడు పన్నెండో మెట్టు మీద వేలు ఆనించీ ఆనించకుండా మీటితే వచ్చే స్వరాన్ని, అదే మెట్టు నొక్కి మీటిన స్వరంతో పోల్చండి. నొక్కినది ఎక్కువ శృతిలో ఉంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపు, తక్కువైతే మెడ వైపు వెంట్రుకవాసి జరపండి. అది నిటారుగా నిలబడిందో లేదో పక్కనుంచి చూడండి. శృతి చేసేకొద్దీ దాని తల మెడ వైపు వాలుతుంటుంది.

లైట్ తీగలకు దిగితే మెడ కాస్త నిటారై తీగలు మెట్లకు తగులుతాయి, అది జుయ్‌మనే శబ్దం. గేజి పెరిగితే నట్ గాడిలో తీగ ఇరుక్కుని, బిరడా తిప్పుతుంటే 'టింగ్' మని దూకుతుంది. గాడిలో పెన్సిల్ ముల్లు రుద్దితే చిన్న ఇరుకు తీరుతుంది. తీరకపోతే గాడి వెడల్పు చేయించాలి.

ప్రశ్న: నా మాండొలిన్‌కు అయస్కాంత పికప్ (తీగల నాదాన్ని స్పీకర్‌కు పంపే పరికరం) ఉంది. ఫాస్ఫర్ బ్రాంజ్ వేస్తే లావు తీగలు స్పీకర్లో వినబడటం లేదు.

జవాబు: బ్రాంజ్‌ను అయస్కాంతం పట్టించుకోదు. పికప్‌కు అందేది లోపలి ఉక్కు ఒక్కటే, అందుకే ఇ, ఎ పెద్దగా, జి, డి చిన్నగా వస్తాయి. నికెల్ పూత వేసిన ఉక్కు చుట్టు గల తీగలు వేయండి. బ్రిడ్జి కింద పెట్టే, అయస్కాంతం లేకుండా ఒత్తిడితో పనిచేసే పియజో పికప్ అయితే ఈ బాధ లేదు.

ప్రశ్న: పాత తీగలు మెత్తగా పలుకుతాయి కదా, మార్చకుండా ఉంచేయవచ్చా?

జవాబు: కొత్త తీగల మెరుపు నాలుగైదు గంటల వాయింపుతో దానంతటదే తగ్గుతుంది, ఆ తర్వాత వచ్చేదే వాటి అసలు గొంతు. తొలిరోజే విని సెట్టును తీసేయవద్దు. కానీ చెమట, తుప్పు పట్టిన తీగ బరువు అంతటా సమంగా ఉండదు. అప్పుడు జతలోని రెండు తీగలూ ఖాళీగా మీటితే కలుస్తాయి, ఐదో మెట్టు నొక్కితే విడిపోతాయి. అది కనబడిన రోజే మార్చేయండి, మార్చినప్పుడు జతలో రెండూ మార్చండి.