తరగతుల్లేని పల్లె బడికి వెళ్లి ఏం చూడాలి?

ప్రశ్న: నాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటి నుంచి ఐదు దాకా 19 మంది పిల్లలు, ఒకటే గది. రెండో తరగతికి లెక్కలు చెబుతుంటే మిగతావాళ్లు ఖాళీగా కూర్చుంటున్నారు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ల పల్లె బడుల్లో తరగతులు లేకుండానే చదువు చెబుతారని విన్నాను. సెలవు పెట్టుకుని వెళ్లి చూడాలనుంది. ఒక్కరోజు చూస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా? "అవన్నీ డబ్బున్న సంస్థలకు చెల్లుతాయి, మనకు కాదు" అంటున్నారు మా తోటి టీచర్లు.
– ఒక టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: తప్పకుండా వెళ్లండి టీచర్ గారూ. ఇంత స్పష్టమైన ఇబ్బందితో వెళ్లేవాళ్లకు ఒక్కరోజులో కూడా చాలా కనిపిస్తుంది.

రిషివ్యాలీ అనగానే అందరికీ జిడ్డు కృష్ణమూర్తి గారి రెసిడెన్షియల్ స్కూలే గుర్తొస్తుంది. మీరు చూడాల్సింది అది కాదు, దాని చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న చిన్న చిన్న బడులు. 1980ల్లో పద్మనాభరావు, రమ దంపతులు మొదలుపెట్టిన పని ఇది. అంతకుముందే, అక్కడికి దగ్గర్లో కర్ణాటక వైపు రాయల్పాడు దగ్గర, డేవిడ్ హార్స్‌బర్గ్ అనే ఇంగ్లండు ఆయన 1972లో నీల్‌బాగ్ అని ఒక పల్లె బడి పెట్టి, తరగతులతో పనిలేకుండా అన్ని వయసుల పిల్లల్నీ కలిపి చదివించారు. అంటే ఆ ప్రాంతానికి ఈ ఆలోచన కొత్తది కాదు.

అది కరువు నేల. వేరుశనగ కాయలు పీకే రోజులొచ్చినా, టమాటా కోతలొచ్చినా పిల్లలు అమ్మానాన్నల వెంట వెళ్లిపోతారు. పది రోజులు బడికి రాని పిల్లలకు మళ్లీ వచ్చాక ఏం చెప్పాలి అన్నదే అక్కడి టీచర్ల అసలు సమస్య, మీ సమస్య కూడా అదే అయ్యుంటుంది. దానికి వాళ్లు కనిపెట్టిన జవాబు గోడకు వేలాడుతుంటుంది. దాన్ని నిచ్చెన అంటారు. తెలుగుకు ఒకటి, లెక్కలకు ఒకటి. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, కార్డులుగా రాసి, ఏది ముందో ఏది తర్వాతో ఆ నిచ్చెన మీద బొమ్మలతో, నంబర్లతో చూపిస్తారు.

నేను వెళ్లిన రోజు ఒక పాప ఆలస్యంగా వచ్చింది, ఏడేళ్లుంటాయేమో. టీచరు తలెత్తి నవ్వారంతే, ఏమీ అనలేదు. ఆ పాప చెప్పులు గుమ్మం బయట విడిచి, నేరుగా నిచ్చెన దగ్గరికెళ్లి, వేలితో ఒక్కో మెట్టూ పైకి జరుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆపింది, అక్కడున్న బొమ్మా నంబరూ చూసుకుంది, ట్రేలోంచి అదే బొమ్మ ఉన్న కార్డు వెతికి తీసుకుని ఇద్దరు పిల్లల మధ్య చోటు చేసుకుని కూర్చుంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. "ఏ క్లాసమ్మా నువ్వు?" అని అడిగితే కార్డు ఎత్తి చూపించింది. ఆ పాప ఎనిమిది రోజుల తర్వాత ఇవాళే బడికి వచ్చిందని, అన్నాళ్లూ వాళ్లమ్మతో టమాటా తోటలకు వెళ్లిందని టీచరు తర్వాత చెప్పారు. మన బడుల్లో అయితే ఈ ఎనిమిది రోజుల్లో రెండు పాఠాలు దాటిపోతాం, ఆ పిల్ల వెనకబడిందని రిజిస్టర్లో రాస్తాం. అక్కడ మాత్రం తన పాఠం తన కోసం ఆగే ఉంది.

కాబట్టి మీరు కార్డుల రంగులు, బొమ్మలు ఫొటోలు తీసుకుని తిరిగి రావద్దు. టీచరు ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి. కొత్త విషయం మొదలుపెట్టిన పిల్లల దగ్గర ఎక్కువసేపు కూర్చుంటారు. సగం వచ్చినవాళ్ల దగ్గరికి మధ్యమధ్యలో వెళ్తారు. కొందరు ఒకరికొకరు చెప్పుకుంటారు, కొందరు సొంతంగా చేసుకుంటారు. మీ 19 మందినీ ఒకేసారి పట్టుకోవాలని మీరు పడే టెన్షన్‌కు మందు అక్కడుంది. సాయంత్రం కార్డులు తిరిగి ట్రేల్లో ఎలా సర్దుతున్నారో, చిరిగినవి ఎవరు అతికిస్తున్నారో కూడా చూడండి. ఆ అలవాటు లేకపోతే ఏ పద్ధతైనా నెల తిరక్కుండా మూలపడుతుంది.

వెళ్లే ముందు ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి. మదనపల్లె నుంచి రిషివ్యాలీ 20 కిలోమీటర్ల లోపే. నాలుగు బడులు చుట్టేయాలని చూడకుండా, ఒకే బడిలో ప్రార్థన నుంచి ఇంటి గంట దాకా ఉండండి. కింద కూర్చోండి. పిల్లల్ని నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పమనకండి, దయచేసి.

ఇక మీ తోటి టీచర్ల మాట. 1990ల మధ్యలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె తాలూకా నుంచి ప్రభుత్వ టీచర్లు ఈ రిషివ్యాలీ బడులకే వచ్చి చూసి, తిరిగి వెళ్లి వాళ్ల కన్నడ పిల్లలకు తగ్గట్టు కార్డులు వాళ్లే రాసుకున్నారు. కర్ణాటకలో నలి-కలి అనే పద్ధతి అదే. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు ఇదే దారి పట్టాయి, కొన్నేళ్లకే తమిళనాడు అంతటికీ వెళ్లింది. అన్నీ సర్కారు బడులే. అయితే జీవో రూపంలో కార్డుల పెట్టె బడికి చేరడం వేరు, టీచరు తనే కూర్చుని రాసుకోవడం వేరు. నా నమ్మకం రెండోదాని మీదే. అందుకే మీరు ఒకటి, రెండు తరగతుల తెలుగుతో మాత్రమే మొదలుపెట్టండి. వేసవి సెలవుల్లో పాత అట్టపెట్టెలు కోసి, మీ ఊరి పిల్లలు మాట్లాడే మాటలతో కార్డులు రాయండి. మొదటి నెల గందరగోళంగా ఉంటుంది, వదిలేయాలనిపిస్తుంది. వదలొద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. మా బాబు ఐదో తరగతి. ఇలాంటి బడి వాడికి చూపించాలని ఉంది. కానీ పరీక్షలు లేకపోతే ఆ పిల్లలకు చదువెలా వస్తుంది?
– ఒక తల్లి

జవాబు: పరీక్ష లేకపోవడం కాదమ్మా, విడిగా ఒక రోజు లేదంతే. నిచ్చెనలో ప్రతి భాగం చివర ఒక కార్డు, వచ్చిందో లేదో చూడ్డానికే ఉంటుంది. రాకపోతే మళ్లీ సాధన కార్డులు, వస్తే పై మెట్టు. పక్కవాడితో పోలిక లేదు.

బాబును చూపించడానికి మామూలు బడి రోజు మాత్రం తీసుకెళ్లకండి, ఆ పిల్లల చదువు పాడవుతుంది. మెట్రిక్ మేళా అని వాళ్లు ఒక సంత లాంటిది పెడుతుంటారు, పిల్లలే తూస్తారు, కొలుస్తారు, డబ్బులు లెక్కపెడతారు, ఊళ్లో తల్లులంతా వస్తారు. అడిగి చూడండి, అలాంటి రోజు రమ్మంటే సంతోషంగా వెళ్లండి. బాబు చేతికి ఒక సంచీ, కొంచెం చిల్లర ఇచ్చి పంపండి, బేరం వాడినే ఆడనివ్వండి.