రెక్కలు తిరగేసి అతికించినావా సామీ?

మీ ప్రశ్న: "రఫేల్‌కు ముందు చిన్న రెక్కలు ఉన్నాయి కదా. అవి అంత మంచివైతే రేణిగుంటలో దిగే ప్రయాణికుల విమానాలకు ఎందుకు పెట్టరు?"

నేను విమానాల ఇంజినీరును కాను. తిరుపతిలో బడిపిల్లలకు సైన్స్ చెప్తాను, సెలవుల్లో థర్మాకోల్ విమానాలు చేసి ఎగరేస్తాను. ఈ ప్రశ్నకు జవాబు నాకు యూనివర్సిటీ గ్రౌండ్‌లో దొరికింది, అదీ రెండుసార్లు పరువు పోయాక.

వినాయక చవితి మండపంలో మిగిలిన థర్మాకోల్ షీటు, ఒక వెదురు బద్ద తీసుకున్నాను. బద్దకు వెనక కొసన పెద్ద రెక్క, ముందు కొసన జానెడు రెక్క. వెనక తోక లేదు కాబట్టి నిలువు ముక్కలు పెద్ద రెక్క చివర్లకే అతికించాను. మామూలు గ్లైడర్లు చేసిన అలవాటు కొద్దీ, పెద్ద రెక్క కింద వేలు పెడితే సమంగా నిలిచేలా బరువు సరిచేసి విసిరాను. ముక్కు ఆకాశానికెత్తి, వెనక్కి పల్టీ కొట్టి పడింది. వాకింగ్‌కు వచ్చిన ఒక పెద్దాయన ఆగి చూసి, "ఏం సామీ, రెక్కలు తిరగేసి అతికించినావా?" అన్నాడు.

తప్పు రెక్కల్లో లేదు, బరువులో ఉంది. మామూలు విమానంలో ముక్కు కిందికి వాలబోతుంటే వెనక తోక కిందికి నొక్కి పట్టుకుంటుంది. అంటే రెక్క విమానాన్నే కాదు, ఆ నొక్కుడును కూడా మోయాలి. ముందు రెక్క ఉన్న విమానం మన వాహన సేవ లాంటిది. ముందు వాళ్లూ వెనక వాళ్లూ భుజం పెట్టి పైకే ఎత్తుతారు. అలాంటప్పుడు బరువు ఆ ఇద్దరి మధ్యలో ఉండాలి గానీ వెనక వాళ్ల నెత్తిన కాదు. బళ్లో గరిమనాభి అని చదువుకున్నది ఇదే. ముక్కుకు రెండు రూపాయల బిళ్లలు ఒక్కొక్కటే టేపుతో అంటిస్తూ పోయాను. నాలుగో బిళ్లకు, పెద్ద రెక్కకు నాలుగు వేళ్ల ముందు సమంగా నిలిచింది. అప్పుడు చక్కగా ఎగిరింది.

రైట్ సోదరులకూ ఇదే తిప్పలు. 1903లో వాళ్ల విమానానికి ఎత్తూ పల్లం చూసే పలక ముందే ఉండేది, బరువేమో మరీ వెనక. అందుకే గాల్లో గుర్రంలా ఎగిరెగిరి పడేది. 1904లో ముందు భాగాన ఇనుప బరువు కట్టి చూశారు. అది చదివాక నా బిళ్లల మీద నాకు గౌరవం పెరిగింది.

అసలు కిటుకు ఇంకొకటి ఉంది. చిన్న రెక్క ముందు అంచును పెద్దదాని కన్నా రెండు మూడు డిగ్రీలు పైకి లేపి అతికించాలి. వేగం తగ్గినప్పుడు ముందుగా చేతులెత్తేసేది చిన్న రెక్కే. రెక్క ఇలా ఎత్తలేక వదిలేయడాన్నే స్టాల్ అంటారు. ముందు మోసేవాళ్ల మోకాళ్లు వంగితే వాహనం ముందుకు వాలినట్టు ముక్కు దిగుతుంది, వేగం వస్తుంది, మళ్లీ లేస్తుంది. నా గ్లైడర్‌ను ఎంత నిక్కపొడిచి విసిరినా తల ఊపుతూ పోయేది తప్ప పల్టీ కొట్టలేదు. అమెరికాలో బర్ట్ రూటన్ సొంతంగా కట్టుకునేవాళ్ల కోసం గీసిన లాంగ్-ఈజీ విమానాల గొప్ప ఇదే. ఆయన గీసిన వాయేజర్ 1986 డిసెంబరులో ఎక్కడా దిగకుండా, మధ్యలో ఇంధనం నింపకుండా తొమ్మిది రోజుల్లో భూమిని చుట్టింది. దానికీ ముందు రెక్క ఉంది. మనకు దగ్గర్లో, బెంగళూరులోని విమాన పరిశోధన సంస్థ ఎన్ఏఎల్ కూడా 1987లో లాంగ్-ఈజీ ఆధారంగా ఒకటి చేసి ఎగరేసింది.

"అయితే ఇలాంటి విమానం ఎప్పటికీ స్టాల్ అవదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఒకరోజు నాది గాల్లో ఉండగా బిళ్ల ఊడిపోయింది. బరువు వెనక్కి జరిగి పెద్ద రెక్కే ముందు చతికిలపడింది. ముక్కు దిగనే లేదు. బిల్డింగు లిఫ్టులా చదునుగా దిగి పగిలింది. మనుషులున్న విమానంలో ఇలా జరిగితే తేరుకోవడం చాలా కష్టం.

ప్రయాణికుల విమానాల సంగతికొస్తే, చిన్న రెక్క ఎప్పుడూ ముందే ఓడిపోవాలి కాబట్టి పెద్ద రెక్క తన పూర్తి బలం ఎప్పటికీ వాడుకోదు. దాంతో దిగే వేగం ఎక్కువ కావాలి, రన్‌వే పొడవు కావాలి. పైగా దిగేటప్పుడు పెద్ద రెక్క వెనక అంచున ఉండే పలకలను, అంటే ఫ్లాప్స్‌ను, దించితే వెనక ఎత్తు పెరిగి ముక్కు వాలుతుంది. దాన్ని చిన్న రెక్క కాయాలి. బీచ్‌క్రాఫ్ట్ కంపెనీ చేసిన స్టార్‌షిప్ అనే చిన్న ప్రయాణికుల విమానంలో ఇందుకోసం ముందు రెక్కనే ముందుకూ వెనక్కూ కదిలేలా చేశారు. అంత తంటాలు పడి 53 విమానాలతో ఆపేశారు. అదే పని తోక మారుమాట్లాడకుండా చేస్తుంటే కంపెనీ ఎందుకు మారుతుంది?

రఫేల్, సుఖోయ్-30ఎంకేఐల లెక్క వేరు. వాటిని కావాలనే నిలకడ లేకుండా కట్టి, కంప్యూటరు చేత క్షణక్షణం సర్దిస్తారు. ముక్కు బాగా ఎత్తి తిరిగేటప్పుడు చిన్న రెక్క విసిరే సుడిగాలి పెద్ద రెక్క మీద గాలి చెదరకుండా పట్టి ఉంచుతుంది. అలాగని యుద్ధ విమానమంటే ముందు రెక్క తప్పదనీ కాదు. మన తేజస్‌కు ముందు రెక్కా లేదు, అడ్డంగా ఉండే తోకా లేదు.

మీరూ చేసి చూడాలనుకుంటే ఉదయం ఆరింటికే గ్రౌండ్‌కు పోండి, ఎండెక్కితే గాలి రేగుతుంది. జేబులో ఐదారు బిళ్లలు ఉంచుకోండి. టేపు మాత్రం రెండు చుట్లు ఎక్కువే చుట్టండి.