షుగర్ లేదు, బీపీ లేదు, మరి కిడ్నీ ఎట్లా దెబ్బతినింది?

ఎండలు ముదిరాయంటే కిడ్నీల మీద ప్రశ్నలు ఎక్కువొస్తాయి. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు బాగా పెద్దదైంది, అయినా కుదించలేదు, పొలం పని చేసే ప్రతి ఇంటికీ అందులో పనికొచ్చే సంగతులున్నాయి.

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా ఆయనకు 42 ఏండ్లు. సొంత పొలంలో బుడ్డలు (వేరుశెనగ) వేస్తాం, మిగతా రోజుల్లో కూలికి పోతాడు. తాగుడు లేదు, బీడీ లేదు. నీరసంగా ఉంది, అన్నం సహించడం లేదు అంటే రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9 వచ్చింది. నాలుగు నెలలకు మళ్ళీ చేయిస్తే 2.1. షుగర్ లేదు, బీపీ లేదు, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా లేదంట. స్కానింగులో కిడ్నీలు కొంచెం చిన్నవైనట్టు రాశారు. ఎందుకొచ్చిందని అడిగితే కారణం తెలీదన్నారు. శ్రీకాకుళం రోగం మనకీ వచ్చిందని ఊళ్ళో అంటున్నారు. నిజమేనా? కారణమే తెలియని రోగానికి వైద్యం ఎట్లా చేస్తారు?

జవాబు: అమ్మా, మీ చివరి మాటతోనే మొదలుపెడతాను, మీ టెన్షన్ అంతా అక్కడే ఉంది. కారణం తెలియలేదంటే చేసేదేమీ లేదని కాదు. క్రియాటినిన్ అంటే రక్తంలోంచి కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, కిడ్నీ పని తగ్గితే అది పెరుగుతుంది. దాన్నీ, వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ కలిపి ఈజీఎఫ్ఆర్ అని ఒక లెక్క వేస్తారు, కిడ్నీ ఎంత పనిచేస్తోందో అది చెబుతుంది. మీ ఆయన వయసుకు 1.9 దగ్గర అది 45 దాకా ఉండింది, 2.1 దగ్గర సుమారు 40కి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు 90 పైన ఉంటుంది, 15 కంటే దిగినప్పుడు డయాలసిస్ మాట వస్తుంది. పోయినది తిరిగి రాదు, ఆ మాట దాచి లాభం లేదు. కానీ ఇప్పుడున్న 40ని ఏండ్ల తరబడి నిలబెట్టుకోవచ్చు, అలా నిలబెట్టుకున్న రైతులను నేను చూస్తూనే ఉన్నాను.

శ్రీకాకుళం సంగతి. ఆ జిల్లాలో ఉద్దానం అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు మండలాలు, జీడి, కొబ్బరి తోటలతో పచ్చగా ఉండే ప్రాంతం. అక్కడ ఊళ్ళు తిరిగి పరీక్షలు చేస్తే పెద్దవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు తేలింది, వాళ్ళలో ఎక్కువమందికి షుగర్ గానీ బీపీ గానీ కారణం కాదు. ఇలాంటిదే శ్రీలంకలో అనురాధపుర, పొలొన్నరువ వైపు వరి రైతుల్లో 1990ల నుంచి కనిపిస్తోంది. సముద్రాల అవతల ఎల్ సాల్వడార్, నికరాగ్వా దేశాల్లో చెరకు కోసే కూలీలు, ఇరవైల్లో ముప్పైల్లో ఉన్న కుర్రవాళ్ళు, దీనికే బలయ్యారు. మన రాష్ట్రంలోనే ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు తండాల్లోనూ ఉంది. అన్నిచోట్లా పోలిక ఒకటే: వేడి దేశం, పేద ఇల్లు, ఒళ్ళు వంచి చేసే పొలం పని, మొదట్లో బీపీ లేకపోవడం, మూత్రంలో ప్రొటీన్ తక్కువగా ఉండడం, కిడ్నీలు లోలోపలే గట్టిపడి చిన్నవైపోవడం. మీ ఆయన రిపోర్టు ఈ పోలికకు దగ్గరగానే ఉంది. అయితే ఊళ్ళో ఒకరికి వచ్చినంత మాత్రాన ఆ ఊరు ఉద్దానం అయిపోదు. ఆ మాట అనాలంటే ఊరంతటికీ రక్తపరీక్షలు చేసి లెక్క తేల్చాలి. ఊళ్ళో ఇంకో ముగ్గురు నలుగురికి ఇలాగే ఉందని మీకు తెలిస్తే మాత్రం ఊరుకోకండి, పీహెచ్‌సీ డాక్టరుకు పేర్లు రాసిచ్చి క్యాంపు పెట్టమని అడగండి. ఉద్దానంలో కూడా జనం అడిగీ అడిగీ, ఎన్నో ఏండ్లకు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం, వంశధార నీళ్ళు ఇంటింటికీ ఇచ్చే పథకం మొదలయ్యాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. కారణం తెలియదు అనే ముద్ర వేసే ముందు, తెలిసిన కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేయాలి. మూత్రనాళాల్లో రాయి అడ్డం పడిందా, మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి వాచి మూత్రం వెనక్కి తంతోందా, ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బు ఉందా, నొప్పి మాత్రలు ఎన్నేళ్ళుగా మింగుతున్నాడు, నాటు మందులు తిన్నాడా, ఇవన్నీ అడిగారో లేదో చూసుకోండి. అడగకుండానే రాసేసి ఉంటే కర్నూలు పెద్దాసుపత్రిలో కిడ్నీ విభాగం ఉంది, పాత రిపోర్టులన్నీ పట్టుకొని అక్కడికి పోండి.

ఇక ఎండ. పోయిన వేసవిలో నా దగ్గరికి ఒకాయన వచ్చాడు, మీ ఆయన ఈడువాడే. పొద్దున ఆరింటికి పొలంలో దిగితే ఒంటిగంటకు గానీ గట్టెక్కనన్నాడు. నీళ్ళు ఎన్ని తాగుతావన్నా అని అడిగితే, సంచిలోంచి కూల్‌డ్రింక్ తాగేసిన అర లీటరు సీసా తీసి చూపించాడు. ఏడు గంటలకు అదే ఆధారం, ఆ పూట అందులో ఇంకా నాలుగు వేళ్ళ నీళ్ళు మిగిలే ఉన్నాయి. మధ్యలో మూత్రానికి పోతావా అంటే, పోతే పని ఆగుతుంది కదా సార్, ఇంటికొచ్చాక ఒకసారి పోతాను, నూనె మాదిరి పచ్చగా వస్తుంది, మండుతుంది అన్నాడు. చెమట రూపంలో నీరంతా పోయి రక్తం చిక్కబడితే కిడ్నీకి రక్తం సరిగ్గా అందదు, ఆ పూట అది కొంచెం దెబ్బతింటుంది. రాత్రికి మళ్ళీ తేరుకుంటుంది. అట్లా ఒక రోజైతే పర్వాలేదు, ఏడాదికి రెండు వందల రోజులు, పదిహేనేళ్ళు జరిగితే తేరుకునే శక్తి పోతుంది. ఎల్ సాల్వడార్‌లో సముద్రతీరపు వేడిలో చెరకు కోసేవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ, అదే చెరకు, అదే పని, 500 మీటర్ల ఎత్తున చల్లగా ఉండేచోట చేసేవాళ్ళలో తక్కువ అని తేలింది. అందుకే చాలామంది పరిశోధకులు ఎండనే మొదటి ముద్దాయిగా చూస్తున్నారు. కానీ ఎండ ఒక్కటే అయితే ఉద్దానం కంటే మన సీమ ముందుండాలి కదా! అక్కడ ఆడవాళ్ళకు కూడా వస్తోంది. కాబట్టి ఎండకు నీళ్ళో, పొలానికి కొట్టే మందులో, పుట్టుకతో వచ్చిన గుణమో తోడవుతూ ఉండాలి, ఒక్కో చోట ఒక్కో జత.

ఆ జత తేలేదాకా మనం ఆగనక్కర్లేదు. నికరాగ్వాలో చెరకు కోసేవాళ్ళకు నీళ్ళు, నీడ, విరామం మూడూ పని గంటల్లోనే కచ్చితంగా ఇచ్చి చూశారు, కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. మీరూ అదే చేయండి. పని తెల్లవారుజామునే మొదలుపెట్టి పదకొండుకల్లా ఆపేయాలి. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్ళు తాగాలి. గంటకోసారి వేపచెట్టు కిందికి పోయి పది నిమిషాలు కూర్చోవాలి. కూలి పనిలో మేస్త్రీ ఒప్పుకోడని అంటారని తెలుసు, అందుకే ఒకరు కాకుండా కూలీలంతా కలిసి అడగాలి. కూల్‌డ్రింకుల బదులు పలచటి మజ్జిగ, అంబలి. మీ ఆయన విషయంలో ఒక్క జాగ్రత్త: కాళ్ళ వాపులు గానీ మూత్రం తగ్గడం గానీ ఉంటే ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరే చెప్పాలి, ఉప్పు కూడా అంతే. కొబ్బరినీళ్ళు చలవ కదా అని రోజూ ఇవ్వకండి, అందులో పొటాషియం ఎక్కువ, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకు ప్రమాదం. మూడు నెలలకోసారి క్రియాటినిన్, పొటాషియం, బీపీ చూపించుకోండి. బీపీ ఇప్పుడు లేకపోయినా ముందు ముందు రావచ్చు, వచ్చిన రోజే పట్టుకోవాలి.

ప్రశ్న: ఆదోని దగ్గర పత్తి రైతును. మా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని అందరూ చెబుతారు, పిల్లల పళ్ళు గారపట్టాయి. కాచి వడగట్టి తాగితే కిడ్నీలకు మంచిదేనా? పత్తికి మందు కొట్టడం వల్ల కూడా కిడ్నీ పోతుందంటున్నారు.

జవాబు: కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. మీ బోరులో ఎంతుందో ఊహించుకోవడం దేనికి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేస్తారు, శుభ్రమైన సీసాలో పట్టి తీసుకుపోండి. ఎక్కువని తేలితే తాగడానికీ వంటకీ ఆర్వో నీళ్ళో, కుళాయిలో వచ్చే నది నీళ్ళో వాడండి. అనంతపురం జిల్లాలో 1990ల్లో సత్యసాయి నీటి పథకం వచ్చాక వందల ఊళ్ళు బోరునీళ్ళ బాధ నుంచి చాలావరకు బయటపడ్డాయి.

ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది కిడ్నీలే. అవి నీరసిస్తే ఫ్లోరైడ్ ఎముకల్లో ఇంకా పేరుకుంటుంది. నాకు ఎక్కువగా కనిపించేది ఇంకోటి ఉంది: ఫ్లోరైడ్ వల్ల కీళ్ళు, నడుము పట్టేస్తాయి, ఆ నొప్పికి మాత్రలు మింగుతారు, ఆ మాత్రలకు కిడ్నీ పోతుంది. ఫ్లోరైడ్ నేరుగా కిడ్నీని ఎంత తింటుందో అని వాదించుకునే లోపల ఈ దొడ్డిదారిన పోయేవాళ్ళే ఎక్కువవుతున్నారని నా భయం.

మందు సంగతి. శ్రీలంక ప్రభుత్వం ఈ జబ్బు కారణం చూపించే 2015లో గ్లైఫోసేట్ గడ్డిమందును నిషేధించింది, తర్వాత సడలించింది. అదే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. తేలలేదు కదా అని చొక్కా లేకుండా, ఎదురుగాలికి కొట్టకండి. పారాక్వాట్ లాంటి గడ్డిమందు నోట్లోకి పోతే కొద్ది రోజుల్లోనే కిడ్నీలు, ఊపిరితిత్తులు రెండూ పోతాయి, అందులో సందేహమేమీ లేదు. నిండుచేతుల చొక్కా, గ్లవ్స్, మూతికి గుడ్డ కట్టుకోండి. పొద్దున్నే గాలి లేనప్పుడు కొట్టండి. కొట్టినాక స్నానం చేసేదాకా బీడీ, అన్నం ముట్టకండి. ఖాళీ డబ్బాల్లో నీళ్ళు పట్టుకొని తాగే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది, దయచేసి ఆ పని చేయకండి.

ప్రశ్న: వేంపల్లి నుంచి రాస్తున్నాను. మా అమ్మకు 50 ఏండ్లు, టమోటా కోతకు పోతుంది. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే పొట్లం రోజుకొకటి, మూడేళ్ళుగా వేసుకుంటోంది. క్రియాటినిన్ 1.2 వచ్చింది, నార్మల్ అని రాశారు. భయం లేదు కదా సార్?

జవాబు: భయపడాల్సినంత లేదు నాయనా, కానీ ఆ పొట్లం ఆపించాలి, అదీ వెంటనే డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు. చిన్న ప్లాస్టిక్ కవర్లో ఒక పసుపు మాత్ర, ఒక తెల్లది, ఒక చిన్న గులాబీది వేసి ఇస్తారే, అందులో సాధారణంగా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర, ఒక్కోసారి స్టెరాయిడ్ ఉంటాయి. పేరుండదు, తేదీ ఉండదు. రోజంతా ఎండలో పనిచేసి నీరు తగ్గిన ఒంట్లో ఆ నొప్పి మాత్ర పడితే కిడ్నీకి పోయే రక్తం ఇంకా తగ్గుతుంది. అయితే మూడేళ్ళుగా వేసుకుంటున్నదాంట్లో స్టెరాయిడ్ ఉంటే ఉన్నట్టుండి మానడం కూడా మంచిది కాదు, కాబట్టి పొట్లం పట్టుకొనే డాక్టరు దగ్గరికి తీసుకుపో. నొప్పికి పారాసిటమాల్, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో.

1.2 విషయం. ఆ నార్మల్ గీత అందరికీ కలిపి గీసింది. కండ ఉన్న ఇరవై ఐదేళ్ళ కుర్రాడికి 1.2 మామూలే. 50 ఏండ్ల ఆడమనిషికి అదే 1.2 అంటే ఈజీఎఫ్ఆర్ 55 చుట్టుపక్కల. మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించు, అప్పుడూ అంతే ఉంటే అది కిడ్నీ జబ్బే. మూత్రపరీక్ష ఒక్కటే చేసి బాగుందని పంపేస్తే ఒప్పుకోకు, ఈ రకం జబ్బులో మూత్రం చాలాకాలం బాగానే కనిపిస్తుంది. రక్తపరీక్ష కూడా ఉండాల్సిందే.

ప్రశ్న: నంద్యాల నుంచి. మా మామకు క్రియాటినిన్ 3.4. పక్క ఊళ్ళో ఒకాయన ఆకు పసరు ఇస్తాడు, నలభై రోజుల్లో తగ్గుతుందంటాడు. ప్రకృతి మందే కదా, నష్టమేముంది?

జవాబు: నష్టం ఉంది. ఒక సంగతి చెబుతాను, పూర్తిగా చదవండి. ఐరోపాలో డాన్యూబ్ నది ఉపనదుల పక్కన, బల్గేరియా, సెర్బియా, బోస్నియా పల్లెల్లో రైతులకు ఇలాగే కారణం తెలియని కిడ్నీ జబ్బు వచ్చేది. 1950ల్లో డాక్టర్లు దాన్ని గుర్తించారు. నీళ్ళన్నారు, సీసమన్నారు, వైరస్ అన్నారు. యాభై ఏండ్లు గడిచాక, 2007 నాటికి గట్టి రుజువులతో తేలిందేమిటంటే, గోధుమ చేలల్లో కలుపుగా పెరిగే ఒక మొక్క గింజలు గోధుమలతో కలిసి పిండిలోకి పోయి, రోజూ రొట్టెలో తిన్నారు. ఆ మొక్కది అరిస్టొలోకియా జాతి. అదే జాతి మొక్క పొరపాటున కలిసిన సన్నబడే మాత్రలు మింగి 1990ల మొదట్లో బెల్జియంలో ఎంతోమంది ఆడవాళ్ళ కిడ్నీలు పోయాయి. మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది.

ఆ జాతి మనకు కొత్త కాదు. మన నల్లరేగడి చేల గట్ల మీద పాకే గాడిదగడపాకు అదే జాతి. పాముకాటుకని, జ్వరానికని వాడే ఈశ్వరి వేరు కూడా అదే. పసరు ఇచ్చే ఆయన చెడ్డవాడు కాకపోవచ్చు, ఆయనకు ఈ సంగతి తెలియకపోవచ్చు. 3.4 మీద ఉన్న మీ మామకు నలభై రోజులు చాలా విలువైనవి, ఆ రోజుల్లో ఆయన కిడ్నీ డాక్టరు దగ్గర ఉండాలి. ఇప్పటికే పసరు తాగి ఉంటే తిట్టకండి. ఏ ఆకు, ఎన్ని రోజులు తాగాడో నెమ్మదిగా అడిగి, వీలైతే ఆ మొక్క కొమ్మ ఒకటి కాగితంలో చుట్టుకొని, ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.