రావియోలి పేరు గురించి ఒక యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

రావియోలి అనే ఇటలీ వంటకం మీద నీ వ్యాసం అందింది. పలచగా ఒత్తిన పిండి మీద పూర్ణం ముద్దలు వరసగా పెట్టి, పైన ఇంకో పొర కప్పి, లోపల గాలి మిగలకుండా చుట్టూ వేళ్ళతో నొక్కే తీరును చక్కగా రాశావు. కానీ ఆ వెంటనే, "రావియోలి అనే మాట చుట్టడమనే అర్థమున్న రియవ్వోల్జెరె అనే క్రియ నుంచి పుట్టింది" అని తేల్చేసి ఫుల్‌స్టాప్ పెట్టావు. ఈ ఉత్తరం రాయించింది ఆ ఫుల్‌స్టాపే.

ధ్వని పోలికను బట్టి మాటకు మూలం కట్టబెట్టకూడదనీ, పాతవాళ్ళు ఆ మాటను దేనికి వాడారో ముందు వెతకాలనీ నేను మొదటినుంచీ పోరుతున్నాను. 13వ శతాబ్దంలో ఇటలీలోని పార్మాకు చెందిన ఫ్రాన్సిస్కన్ శాఖ క్రైస్తవ సన్యాసి సలింబేనె, సెయింట్ క్లారా పండుగనాడు పిండి పొర లేని రావియోలిని మొదటిసారి తిన్నానని తాను కూర్చిన చరిత్ర గ్రంథంలో రాసుకున్నాడు. అది విశేషంగా తోచి రాశాడంటే పొర ఉన్నవి అప్పటికే వాడుకలో ఉండి ఉంటాయి. అయినా పొర పోయినంత మాత్రాన పేరు పోలేదు. 1891లో వంటల పుస్తకం వేసిన పెల్లెగ్రీనో ఆర్తూసి మరీ గట్టివాడు: అసలైన రావియోలిలో మాంసం ఉండదనీ, వాటిని పిండి పొరలో చుట్టరనీ, కాబట్టి ఇటలీ రేవుపట్టణం జెనోవా వాళ్ళు చేసేవాటిని నిజానికి ఆ పేరుతో పిలవకూడదనీ అన్నాడు. పైపిండి లేని పూర్ణాన్ని కూడా బూరె అన్నట్టే కదా ఇది! చుట్టడమే పేరుకు మూలమైతే, చుట్టనిదానికి ఆ పేరెలా నిలిచింది? నీ వ్యాసానికి ఈ ప్రశ్నే తట్టలేదు.

టర్నిప్ దుంపను చెప్పే 'రాపా' నుంచి వచ్చిందనేవాళ్ళున్నారు. జెనోవా ఉన్న లిగూరియా ప్రాంతపు మాండలికంలో మిగులు ముక్కలను చెప్పే 'రబియోలె' నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఓడల్లో మిగిలిన వంటను నావికులు పిండిలో మూసిపెట్టారన్న ఆ కథ వినసొంపుగా ఉంది కనుకనే నాకు దానిమీద అనుమానం ఎక్కువ. 14వ శతాబ్దపు ఇటాలియన్ రచయిత బొకాచియో కథల సంపుటి 'డెకామెరాన్' ఎనిమిదో రోజు మూడో కథలో, తురిమిన పార్మిజాన్ చీజు కొండ మీద జనం మాకరోని, రావియోలి వండి కిందికి దొర్లిస్తారే తప్ప, ఆ రావియోలికి పొర ఉందో లేదో ఆయన చెప్పడు.

తేల్చి చెప్పమని నిన్ను తొందరపెట్టేవాళ్ళు సంపాదకులే. ఒక వారపత్రికలో నేను తిండి మాటల మీద రాసే రోజుల్లో, "అని కొందరంటారు" అన్న చోటల్లా సంపాదకుడు కలం పెట్టి కొట్టేసేవాడు. పాఠకుడికి సందేహాలు అక్కర్లేదట. తర్వాత ఆక్షేపణ కార్డులు వస్తే మాత్రం విప్పకుండా నా ఇంటికే పంపేవాడు. ఇప్పుడు "మీకు తెలుసా?" అనే డబ్బా కట్టి, ఏ మాటకైనా రెండు ముక్కల్లో పుట్టుక చెప్పేసే ఫ్యాషన్ వచ్చింది, వాళ్ళకంటే ఆయనే నయం.

ఆ పేరాను ఆర్తూసితో మొదలుపెట్టి, సలింబేనెను పక్కన నిలిపి, మూడు వాదాలనూ 'అంటారు' తీయకుండా మళ్ళీ రాసి పంపు. కలంపేరు సంగతీ, పారితోషికం సంగతీ అడిగావు. ముందు ఈ పేరా తేలనీ.