ల్యాప్‌టాప్ వాయిదాల కంటే ముందు గంట రేటు తేల్చుకోండి

ప్రశ్న: హనుమకొండలో గ్రాఫిక్ డిజైన్ కోర్సు చివరి సంవత్సరం చదువుతున్నాను. చదువు కోసం 10 శాతం వడ్డీకి రూ.3 లక్షల విద్యారుణం తీసుకున్నాం. పది నెలలుగా చిన్న పనులు ఒప్పుకుంటున్నాను. ప్రతి ప్రాజెక్టుకూ ఎన్ని గంటలు పట్టింది, ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చింది, ఏం నేర్చుకున్నాను అన్నది నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆ పేజీలు జతచేస్తున్నాను. ఇప్పుడున్న కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోంది. రూ.1,20,000 ల్యాప్‌టాప్‌ను వడ్డీలేని 12 వాయిదాల్లో కొనాలని ఉంది. నాన్న మాత్రం నెలకు రూ.5,000 చిట్టీ వేయమంటున్నారు. బ్యాంకులో రూ.22,000 ఉన్నాయి. ఇంట్లో నెలకు రూ.4,000 ఇస్తాను. ఏం చేయమంటారు? ఇంకో విషయం, నేను లేబుల్ చేసిచ్చిన మహిళా సంఘం వాళ్లు అసలు ఫైలు కూడా ఇమ్మంటున్నారు. ఇవ్వవచ్చా?
- ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ నోటుపుస్తకాన్ని రెండుసార్లు చదివాను. ఏం నేర్చుకున్నానన్న గడిని మీరు ఎంతో శ్రద్ధగా నింపారు. గంటల గడి, డబ్బు గడి కూడా ఉన్నాయి. కానీ ఆ రెండింటినీ ఎక్కడా కలిపి చూసుకోలేదు. మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది కాబట్టి ముందు ఆ లెక్క చేద్దాం.

పద్నాలుగు పెళ్లి శుభలేఖలు, ఒక్కోటి రూ.1,500 చొప్పున రూ.21,000. ఒక్కోదానికి ఆరు గంటలు, మొత్తం 84 గంటలు. అంటే గంటకు రూ.250. వినాయక చవితికీ బతుకమ్మకూ ఫ్లెక్సీ దుకాణం ద్వారా చేసిన అరవై ఫ్లెక్సీలకు రూ.12,000 వచ్చాయి. ఒక్కోదానికి గంటన్నర వేసుకుంటే గంటకు రూ.133. కాజీపేట టిఫిన్ సెంటర్ లోగో, మెనూ బోర్డుకు రూ.4,000 తీసుకుని 40 గంటలు పనిచేశారు, గంటకు వంద రూపాయలు. నర్సంపేట వైపు మహిళా సంఘానికి చేసిన కారం ప్యాకెట్ లేబుళ్లకు 30 గంటలకు రూ.12,000, గంటకు రూ.400. హైదరాబాద్ కంపెనీకి నెలకు రూ.9,000 చొప్పున ఆరు నెలల సోషల్ మీడియా పోస్టులు, 120 గంటలు, గంటకు రూ.450. అన్నీ కలిపితే 364 గంటలు, రూ.1,03,000. సగటున గంటకు రూ.283.

ఇది మీరు సంపాదించిన సొమ్ము. చేతికి అందింది వేరు. కంపెనీ నుంచి రెండు బిల్లుల తాలూకు రూ.18,000 ఇంకా రావాలి. టీడీఎస్ కింద, అంటే చెల్లించే ముందే మినహాయించే ఆదాయపు పన్ను కింద, వాళ్లు రూ.5,400 పట్టుకున్నారు. అంటే పది నెలల్లో అందినవి రూ.79,600, నెలకు ఎనిమిది వేలు కూడా కాదు. పైగా అది నెలనెలా సమంగా రాలేదు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో మీకు వచ్చినవి మూడు వేలే. అలాంటి ఆదాయం మీద నెలకు పదివేల వాయిదా పెట్టుకోవద్దు. మొదటి ఆషాఢంలోనే అప్పు చేయాల్సి వస్తుంది.

వడ్డీలేని వాయిదా అన్న మాటనూ కొంచెం విప్పి చూడాలి. చాలా సందర్భాల్లో రొక్కం పెట్టి కొనేవారికి దొరికే తగ్గింపు ఇందులో దొరకదు. ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది. క్రెడిట్ కార్డు మీదైతే బ్యాంకు లెక్కలో వడ్డీ ఉంటూనే ఉంటుంది, దానిమీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. ఒక్క వాయిదా తప్పినా జరిమానాతోపాటు మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. రేపు సొంత స్టూడియో పెట్టుకోవడానికి రుణం కావాలంటే బ్యాంకు మొదట చూసేది ఆ స్కోరునే.

ఇక మీ పేజీల్లో నన్ను ఎక్కువసేపు ఆపిన సంగతులకు వస్తాను. టిఫిన్ సెంటర్ లోగోను పదకొండుసార్లు మార్చారు. నలభై గంటల్లో 28 గంటలు ఆ మార్పులకే పోయాయి. కింద మీరే రాసుకున్నారు: ఎవరు వచ్చి తింటారు, బోర్డును ఎంత దూరం నుంచి చూస్తారు అని ముందే అడిగి ఉండాల్సింది, పొద్దున ఆరింటికి వచ్చే రైల్వే ఉద్యోగులకు సన్నని గీతల లోగో కనిపించదు అని. చాలా మంచి గమనిక ఇది. మీ సగటు రేటున ఆ 28 గంటల విలువ దాదాపు రూ.7,900. పని మొదలుపెట్టే ముందు అరగంట కూర్చుని ప్రశ్నలు అడిగితే మిగిలే సొమ్ము అది. పది ప్రశ్నలు ఒక కాగితం మీద అచ్చు వేసి పెట్టుకోండి. ఎంత చిన్న పనైనా అవి అడగకుండా కంప్యూటర్ తెరవకండి.

శుభలేఖల విషయం ఇంకా ఆసక్తిగా ఉంది. మార్పుల జాబితా చూస్తే రంగు బాగాలేదన్నవారు, బొమ్మ మార్చమన్నవారు చాలా తక్కువ. ఎక్కువ మార్పులు పేర్లవి. పెదనాన్న పేరు పైకి రావాలి, మేనమామల వరుస తప్పింది, చిన్నమ్మ వాళ్ల ఊరు పడలేదు, ఆహ్వానించువారిలో ఒకరిని మరిచారు. ఇది డిజైన్ సమస్య కాదు, ఇంటి పెద్దలందరూ ఒకచోట కూర్చుని ఒప్పుకోకముందే పని మొదలుపెట్టడం వల్ల వచ్చిన చిక్కు. కాబట్టి మాటరు మొత్తం ఇంటి పెద్ద చూసి, సరే అని రాతపూర్వకంగా పంపాకే డిజైన్ మొదలుపెడతానని చెప్పండి. రెండు విడతల మార్పులు ఉచితం, ఆ తర్వాత ప్రతి విడతకూ రూ.300 అనండి. అప్పుడు ఆరు గంటల పని నాలుగు గంటల్లో ముగుస్తుంది. అదే రూ.1,500కు మీకు గంటకు రూ.375 పడుతుంది. ధర పైసా పెంచకుండానే ఆదాయం సగానికి సగం పెరిగినట్టు.

కారం ప్యాకెట్ దగ్గర ఒక నష్టం రాశారు. తెర మీద నిగనిగలాడిన ఎరుపు అచ్చులో వెలిసిపోయినట్టు పడిందని, మళ్లీ వేయించడానికి రూ.2,000 మీ చేతి నుంచి పెట్టారని. తెర వెలుగుతో ఎరుపు చూపిస్తుంది, అచ్చు నాలుగు సిరాలతో చూపిస్తుంది. రెండూ ఒకటి కావని మీ గురువులు చెప్పే ఉంటారు. నేను చెప్పేది డబ్బు సంగతి. ప్రెస్సులో ఒక నమూనా ప్రతి తీయించి, దాని మీద పని ఇచ్చినవారి సంతకం తీసుకున్నాకే మొత్తం అచ్చు వేయించాలి. ఆ నమూనా ఖర్చును కొటేషన్‌లోనే చేర్చండి. సంతకం అయ్యాక వచ్చే తప్పుల భారం మీది కాదని కూడా అందులో రాయండి. అన్నట్టు, ఆ లేబుల్ మీద వరంగల్ చపాటా అని ఉంది. ఆ మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరునూ గుర్తునూ వాడుకునే హక్కు 1999 నాటి చట్టం కింద నమోదైన అధీకృత వినియోగదారులకే ఉంటుంది. సంఘానికి ఆ నమోదు ఉందో లేదో అడిగి, ఉందని రాయించుకోండి.

ఇప్పుడు మీ రేటు ఎంత ఉండాలో చూద్దాం. ఇంట్లో ఇచ్చేది రూ.4,000. బస్సు, ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్‌కు మీ లెక్క ప్రకారం రూ.2,500. విద్యారుణం వడ్డీ రూ.2,500, దీని గురించి కింద చెబుతాను. కంప్యూటర్ కోసం విడిగా రూ.3,000. మొత్తం రూ.12,000. చదువుకుంటూ మీరు నెలకు చేయగలుగుతున్న పని 36 గంటలు. అంటే గంటకు రూ.333 రావాలి. రూ.350 అని నిర్ణయించుకోండి. దానికంటే తక్కువ పడే పని వస్తే, అందులో నేర్చుకునేది ఏముందో రాసుకోగలిగితేనే ఒప్పుకోండి. ఫ్లెక్సీల వల్ల దూరం నుంచి చదవగలిగే అక్షరం ఎంత లావుండాలో తెలిసిందని రాశారు. ఆ పాఠం అరవై ఫ్లెక్సీలతో పూర్తయింది. ఇక దుకాణం వారికి నెలకు పది సిద్ధ నమూనాలు చేసిచ్చి, పేర్లూ ఫొటోలూ వాళ్లే మార్చుకునేలా ఒక మొత్తం మాట్లాడుకోండి. కుదరకపోతే వదిలేయండి. మేడారం జాతర ముందు ఆ దుకాణాలు ఎలాగూ మనుషుల కోసం వెతుక్కుంటాయి, అప్పుడు మీ ధరకే పని దొరుకుతుంది.

విద్యారుణం సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు, కానీ నా దృష్టిలో ల్యాప్‌టాప్ కంటే ఇదే ముఖ్యం. సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకు వాయిదాలు మొదలుకావు. వడ్డీ మాత్రం ఆగదు. మూడు లక్షల మీద 10 శాతం అంటే ఏడాదికి రూ.30,000. రెండేళ్లు కట్టకపోతే రూ.60,000 అసలులో కలిసిపోయి, అప్పటి నుంచి దానిమీద కూడా వడ్డీ పడుతుంది. నెలకు రూ.2,500 ఇప్పుడే కడుతూ పోతే అసలు మూడు లక్షల దగ్గరే నిలుస్తుంది. చదువు కాలంలోనే వడ్డీ కట్టేవారికి కొన్ని బ్యాంకులు రేటులో ఒక శాతం రాయితీ ఇస్తాయి. మీ శాఖకు వెళ్లి తప్పక అడగండి.

చిట్టీ గురించి మీ నాన్నగారితో గౌరవంగానే విభేదిస్తాను. నెలజీతం ఉన్నవారికి నమోదైన చిట్టీ పొదుపు అలవాటుకు పనికొస్తుంది. మీకు రూ.3,000 వచ్చిన నెలలో రూ.5,000 ఎలా కడతారు? పాట పాడి ఎత్తుకున్నాక వాయిదా తప్పితే జామీను ఉన్నవారి మీద పడుతుంది, ఆ జామీను బహుశా మీ నాన్నగారే. ఉద్యోగం వచ్చి, ఆదాయం నిలకడగా ఉన్నప్పుడు ఆలోచించండి. అప్పుడు కూడా 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్ట్రార్ దగ్గర నమోదైన గ్రూపు అయితేనే.

కంప్యూటర్‌కు ఏం చేయాలి? ఖాతాలో రూ.22,000, రావాల్సినవి రూ.18,000. నెల అవసరాలు రూ.9,000 చొప్పున మూడు నెలలకు రూ.27,000 విడి ఖాతాలో ముట్టుకోకుండా ఉంచండి. మిగిలే రూ.13,000తో ఇప్పుడున్న యంత్రానికే ర్యామ్ పెంచడం, ఎస్‌ఎస్‌డీ వేయించడం ఎంతవుతుందో కనుక్కోండి. లోగోలకూ లేబుళ్లకూ చాలాసార్లు అది సరిపోతుంది. ఆ తర్వాత నెలకు మూడు వేలు, దానిపైన పెళ్లిళ్ల కాలంలో వచ్చే అదనమంతా కంప్యూటర్ నిధిలో వేయండి. ధరలో సగానికి పైగా రొక్కం చేతిలో ఉన్నప్పుడు కొనండి. ఈలోగా దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు, కంపెనీల పని చేసేవారికి అది ప్రమాదం. ఇంక్‌స్కేప్, జింప్, స్క్రైబస్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. తెలుగు అక్షరాలకు రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నాయి, వ్యాపార పనికీ వాడుకోవచ్చు.

టీడీఎస్ గురించి కంగారు వద్దు. 2025 ఏప్రిల్ నుంచి వృత్తి ఫీజు ఒకరి దగ్గర నుంచి ఏడాదికి రూ.50,000 దాటితే 10 శాతం పట్టుకోవాలి, వాళ్లు చేసింది సరైనదే. మీ ఆదాయం పన్ను పరిధికి చాలా దిగువన ఉంది కాబట్టి రిటర్న్ వేస్తే రూ.5,400 మొత్తం తిరిగి వస్తుంది. వేయకపోతే రాదు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ హద్దు రూ.20 లక్షలు, దాని గురించి ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు.

ఆలస్యంగా చెల్లించే కంపెనీకి మాత్రం ఒక మందు ఉంది. చిన్న సంస్థలను నమోదు చేసే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్‌తో ఉచితంగా నమోదు చేసుకోండి, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, నమోదైన సూక్ష్మ సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. పైగా గడువు దాటిన సొమ్మును చెల్లించేదాకా వాళ్లు పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకోలేరు. మీ తర్వాతి బిల్లు మీద ఉద్యమ్ నంబరు, 45 రోజుల గడువు వేసి పంపండి. గొడవపడాల్సిన పని లేదు, అకౌంట్స్ విభాగానికి ఆ నంబరు అర్థమవుతుంది.

చివరగా మహిళా సంఘం అడిగిన ఫైలు. ఇవ్వండి, కానీ ఊరికే ఇవ్వకండి. 1957 కాపీరైట్ చట్టం కింద డిజైన్ మీద హక్కు బదిలీ కావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. ఒక పేజీ కాగితం రాయండి: ఏ లేబుళ్లు, ఎంత కాలం, ఎంత సొమ్ము, ఆ పనిని మీ పోర్ట్‌ఫోలియోలో చూపుకునే హక్కు మీకు ఉంటుందని. లేబుళ్లకు తీసుకున్న రూ.12,000కు పైన ఇంకో మూడు నాలుగు వేలు అడగడం న్యాయమే. ఆ సంఘం చిన్నది, ఒకేసారి ఇవ్వలేమంటే వచ్చే ఏడాది కొత్త ప్యాకెట్ల పని కూడా మీకే ఇస్తామని ఆ కాగితంలోనే రాయించుకుని ఫైలు ఇచ్చేయండి.